మాటల పొత్తు: ఆంగ్ల పదసాహచర్య పరిశీలనకు తూర్పున పడిన పునాదులు

ఆంగ్లంలో టీ ఘాటుగా ఉంటే దానికి ‘స్ట్రాంగ్’ అన్న విశేషణం చేరుతుంది గాని, దాదాపు అదే అర్థం గల ‘పవర్‌ఫుల్’ చేరదు. కారు దగ్గరికి వచ్చేసరికి ‘పవర్‌ఫుల్’ చక్కగా అతికి, ‘స్ట్రాంగ్’ వెనకబడుతుంది. వాదనకు మాత్రం రెండూ సమానంగా సరిపోతాయి. వాన జోరుగా పడితే అది ‘హెవీ’ అవుతుంది, గాలి జోరుగా వీస్తే అది ‘స్ట్రాంగ్’ అవుతుంది. వీటిని శాసించే వ్యాకరణ సూత్రం ఏదీ లేదు, అర్థాన్ని తర్కించి రాబట్టే వీలూ లేదు. ఒక మాట సరసన మరొక మాట, కాకతాళీయంగా జరగగలిగిన దానికంటే ఎక్కువసార్లు, అలవాటుగా వచ్చి చేరడాన్ని భాషాశాస్త్రంలో ‘కొలొకేషన్’ అంటారు. దాన్ని తెలుగులో పదసాహచర్యం అనవచ్చు. తెలుగులో వాన కురుస్తుంది, గాలి వీస్తుంది, ఎండ కాస్తుంది, వెన్నెలా కాస్తుంది, మామిడిచెట్టూ కాస్తుంది, చివరకు పందేన్ని కూడా కాస్తారు. ఇందులో వింత ఏదైనా ఉందని ఇంట్లో తెలుగు మాట్లాడుతూ పెరిగినవారికి తోచదు, పై ఊరి నుంచి వచ్చి తెలుగు నేర్చుకునేవారికి మాత్రం ప్రతి క్రియా ఒక అడ్డుగోడలా నిలుస్తుంది.

ఆంగ్లం విషయంలోనూ జరిగింది ఇదే. ఆంగ్ల పదసాహచర్యాన్ని ఒక పట్టుదలతో, పద్ధతి ప్రకారం పోగుచేసి పరిశీలించే పని ఆక్స్‌ఫర్డులోనో కేంబ్రిడ్జిలోనో మొదలుకాలేదు. టోక్యోలో జపాను పిల్లలకు పాఠాలు చెప్పినవారు దానికి ఆద్యులు కాగా, లాహోరులో కొన్నేళ్లు ఆంగ్లాచార్యుడిగా పనిచేసి వెళ్లిన మరొకరు దానికి సిద్ధాంతాన్ని సమకూర్చారు. సొంతభాష తీరును దాని సొంతదారులు పరాయివారి తప్పుల అద్దంలో తప్ప చూసుకోలేకపోయారన్నది ఈ చరిత్రలో అడుగడుగునా కనిపించే విషయం.

జంటగా నడిచే మాటల పట్ల మక్కువ మాత్రం ఆంగ్లానికి చాలా పాతది. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన తరవాత అక్కడి న్యాయస్థానాల్లో వాదనలు ఫ్రెంచిలోకీ, రికార్డులు లాటిన్‌లోకీ మారిపోగా, ఊళ్లలో జనం మాట్లాడే భాష ఆంగ్లంగానే మిగిలింది. 1362లో మూడవ ఎడ్వర్డు ఏలుబడిలో వాదనలు ఇక ఆంగ్లంలో జరగాలని ఒక శాసనం వచ్చింది. ఆ శాసనాన్ని రాసింది కూడా ఫ్రెంచిలోనే కావడం ఆనాటి పరిస్థితికి అద్దం పడుతుంది. కోర్టు పత్రాల నుంచి పరభాషలను తొలగించే చట్టం 1731లో ఆమోదం పొంది 1733లో అమలుకు వచ్చేదాకా ఈ మూడు భాషల కాపురం సాగుతూనే ఉంది. వీలునామాను ‘విల్ అండ్ టెస్టమెంట్’ అనడం, చరాస్తిని ‘గుడ్స్ అండ్ చాటెల్స్’ అనడం, దొంగ ఇంట్లో చొరబడటాన్ని ‘బ్రేకింగ్ అండ్ ఎంటరింగ్’ అనడం ఈ కాపురపు సంతానమేనని, దేశీయమైన మాటకు తోడుగా ఫ్రెంచి నుంచో లాటిన్ నుంచో వచ్చిన మాటను నిలిపి ఎవరికీ అర్థం కాలేదనే సాకు లేకుండా చేశారని చాలామంది చెబుతారు.

ఈ వివరణలో నిజం కొంతే ఉంది. నార్మన్లు అడుగుపెట్టకముందే ప్రాచీనాంగ్లంలో ఒకే హల్లుతో మొదలయ్యే మాటలను జతకట్టే అలవాటు బలంగా ఉండేది. క్రైస్తవ వివాహంలో ఈనాటికీ వధూవరులు పలికే ‘హావ్’, ‘హోల్డ్’ అన్న జంట ఆ కాలపు కవిత్వంలోనూ కనిపిస్తుంది. కాబట్టి న్యాయవాదులు కొత్త అలవాటును కనిపెట్టలేదు, ఉన్న అలవాటుకు కొత్త సరుకును అందించారు. 1549లో వెలువడిన ఆంగ్లికన్ ప్రార్థనా గ్రంథం ఇలాంటి జంటలను ప్రతి ఆదివారమూ జనం చెవిన వేసి, పామరుల నాలుకకు కూడా అలవాటు చేసింది. దస్తావేజుల భాషకు మాటలను గుత్తులుగా కట్టే స్వభావం ఏ దేశంలోనైనా ఉన్నట్టుంది. నిధి నిక్షేప జల తరు పాషాణాదులతో సహా భూమిని దఖలు పరిచే తెలుగు దానశాసనాలనూ క్రయపత్రాలనూ చదివినవారికి లండను ప్లీడరు ధోరణి కొత్తగా తోచదు.

జంటలో చిక్కుకున్న మాటకు ఒక లాభం ఉంది: భాషలో మిగతా చోట్ల చచ్చిపోయినా అది ఆ జంటలో బతికి ఉంటుంది. బంధుమిత్రులను సూచించే ‘కిత్ అండ్ కిన్’ అన్న ప్రయోగంలో ‘కిత్’ అంటే ఒకప్పుడు ఎరిగిన ఊరు, ఎరిగిన మనుషులు అని అర్థం. ఇవాళ ఆ జంట వెలుపల దాన్ని వాడేవారు లేరు. ‘లెట్’ కథ ఇంకా విచిత్రమైనది. అనుమతించడం అన్న అర్థం గల ‘లెట్’ కాక, అడ్డగించడం అన్న సరిగ్గా వ్యతిరేకార్థంలో మరొక ‘లెట్’ ప్రాచీనాంగ్లం నుంచి ఉండేది. రెండూ ఒకే రూపానికి వచ్చాక రెండవది క్రమంగా కనుమరుగై, టెన్నిసులో వల తగిలిన సర్వీసుకూ, ‘లెట్ ఆర్ హిండ్రెన్స్’ అన్న జంటకూ పరిమితమైంది. ఆ జంట బ్రిటిషు పాస్‌పోర్టులోనూ, దాని ఒరవడిలో రాసిన భారతీయ పాస్‌పోర్టులోనూ ఉంది: రాష్ట్రపతి పేరిట విదేశీ అధికారులను ఉద్దేశించిన ఆ వాక్యం, పాస్‌పోర్టు గల వ్యక్తిని ‘వితౌట్ లెట్ ఆర్ హిండ్రెన్స్’ సాగిపోనివ్వాలని కోరుతుంది. డాలసుకో దుబాయికో వెళ్లే లక్షల మంది తెలుగువారి సంచుల్లో, ఇంగ్లండులోనే వాడుక తప్పిన ఒక మాట ఇలా భద్రంగా ప్రయాణం చేస్తోంది.

ఈ జంటల్లో మాటల వరుస కూడా మారదు. ‘బ్రెడ్ అండ్ బటర్’ను తిరగేసి చెబితే అర్థం చెడదు గాని చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. ఇలా వెనక్కి తిప్పడానికి వీలులేని జంటలను యాకొవ్ మాల్కియెల్ అనే పండితుడు 1959లో ఒక సుదీర్ఘ వ్యాసంలో పరిశీలించి, పొట్టిమాట ముందూ పొడుగుమాట వెనకా నిలవడం వాటిలో ఒక ప్రబలమైన మొగ్గు అని గుర్తించాడు. భారతీయ పాఠకుడికి ఇక్కడ పాణిని స్ఫురించక మానడు. ద్వంద్వసమాసంలో తక్కువ అచ్చులు గల పదం ముందు రావాలని అష్టాధ్యాయి రెండవ అధ్యాయంలోనే ఒక సూత్రం ఉంది.

జంటలను వాడటం వేరు, వాటిని గమనించి నమోదు చేయడం వేరు. ఈ రెండవ పనికి పనికివచ్చే పరికరం మొదట మతగ్రంథాల వైపు నుంచి వచ్చింది. 1737లో అలెగ్జాండర్ క్రూడెన్ అనే ప్రూఫు దిద్దరి ఆంగ్ల బైబిలులోని మాటలను అకారాదిగా పేర్చి, ప్రతి మాటా ఏయే వచనాల్లో ఎలాంటి మాటల మధ్య వచ్చిందో చూపే బృహద్గ్రంథాన్ని దాదాపు ఒంటిచేత్తో తయారుచేశాడు. నన్నయ తిక్కనల పదప్రయోగ కోశాలు చూసినవారికి ఈ పని తీరు తెలిసినదే. ఆ గ్రంథం అవసరం మతబోధకులది, వారికి కావలసింది వచనం ఎక్కడుందన్న ఆచూకీ. ఒక మాట చుట్టూ ఉన్న మాటల్లో ఏదైనా క్రమం ఉందా అన్న ప్రశ్నతో దాన్ని తెరిచినవారు అప్పటికి లేరు. 1755లో ప్రసిద్ధ నిఘంటువును ప్రచురించిన సామ్యూల్ జాన్సన్ మాత్రం ఈ ప్రశ్న అంచుదాకా వచ్చాడు. చిన్న క్రియ వెంట ఒక చిన్న అవ్యయం చేరి కొత్త అర్థాన్నిచ్చే ‘కమ్ ఆఫ్’, ‘సెట్ ఔట్’ వంటి ప్రయోగాలు విదేశీయులకు అన్నిటికంటే కష్టమైనవని, అందుకే వాటిని శ్రద్ధగా సేకరించానని ఆయన పీఠికలో చెప్పుకున్నాడు. అక్కడ ఇచ్చిన ఉదాహరణల్లో ‘సెట్ ఇన్’ ఒకటి. ఒక స్థితి మొదలై ఎడతెగక కొనసాగడం అన్నది ఆయన దానికి చెప్పిన అర్థం. ఈ ‘సెట్ ఇన్’ మరో రెండు శతాబ్దాల పైచిలుకు తరవాత ఇదే చరిత్రలో మళ్లీ తగులుతుంది.

అసలు పని 1920లలో టోక్యోలో మొదలైంది. హెరాల్డ్ పామర్ లండనులో పుట్టి, బెల్జియంలోని వెర్వియే పట్టణంలో భాషలు బోధించి, మొదటి ప్రపంచయుద్ధం వల్ల ఇంగ్లండుకు తిరిగివచ్చి, లండను యూనివర్సిటీ కాలేజీలో ధ్వనిశాస్త్రజ్ఞుడు డేనియల్ జోన్స్ దగ్గర పనిచేసిన బోధకుడు. 1922లో జపాను విద్యాశాఖకు భాషా సలహాదారుగా వెళ్లిన ఆయన, మరుసటి సంవత్సరం అక్కడ ఆంగ్లబోధన పరిశోధన సంస్థను స్థాపించాడు. అప్పటి జపాను బడుల్లో ఆంగ్లం అంటే పుస్తకంలోని వాక్యాన్ని ఒక్కొక్క మాటగా విడదీసి, ఒక్కొక్క దానికి జపాను మాటను పక్కన రాసి, వాటిని జపాను వరుసలో మళ్లీ పేర్చుకోవడం. మన బడుల్లో ‘మీనింగులు’ రాయించే పద్ధతికి ఇది దగ్గరి చుట్టం. నోటితో మాట్లాడించడం ద్వారా భాష నేర్పాలన్న పామర్ పద్ధతికి ఈ వాతావరణం అనుకూలించలేదు గాని, ఇలా మాటకు మాట చొప్పున కట్టిన వాక్యాలు ఎక్కడెక్కడ బెడిసికొడతాయో చూడటానికి ఇంతకు మించిన చోటు ఆయనకు దొరికేది కాదు.

పిల్లలకు ముందుగా నేర్పవలసిన మాటల జాబితా తయారుచేయాలని సంస్థ సంకల్పించినప్పుడు, ఒక్క మాట అంటే ఏమిటి అన్న చిక్కుప్రశ్న ఎదురైంది. ‘ఆఫ్ కోర్స్’ను రెండు మాటలుగా లెక్కపెడితే, ఆ రెంటి అర్థాలూ విడిగా తెలిసిన పిల్లవాడికి కూడా దాని అర్థం తెలియదు, ఒక్కటిగా లెక్కపెడితే జాబితా కొండలా పెరిగిపోతుంది. మాటల గుంపులు ఒక్కొక్కటీ ఒక్కొక్క మాటలా ప్రవర్తిస్తాయని పామర్ 1917 నాటి తన పుస్తకంలోనే గుర్తించి, వాటికి ‘పాలీలాగ్’ అని పేరు పెట్టాడు, అది నిలవలేదు. టోక్యోలో ఆయన ‘కొలొకేషన్’ అన్న పేరును ఎంచుకుని, ముక్కలు జోడించి తయారుచేసుకోవడానికి వీలుకాక, మొత్తంగా ఒక్క ఊపున నేర్చుకోవలసిన మాటల వరుస అని దాన్ని నిర్వచించాడు. 1933లో ఆంగ్లోపాధ్యాయుల సదస్సుకు సమర్పించిన నివేదికలో వేలకొద్దీ ఇలాంటి ప్రయోగాలను వాటి వ్యాకరణ నిర్మాణాన్ని బట్టి తరగతులుగా విభజించి చూపాడు. పైకి ఉపాధ్యాయుల కోసం వేసిన పొడి జాబితాలా కనిపించే ఆ పుస్తకం, ఆంగ్ల వాక్యాన్ని మాటలుగా కాక మాటల కట్టలుగా చూసిన తొలి పెద్ద ప్రయత్నమని చెప్పాలి.

ఆ పనిలో పామర్‌కు కుడిభుజంగా నిలిచినవాడు ఏ. ఎస్. హార్న్‌బీ. క్యూషూ దీవిలోని ఓయితా వాణిజ్య కళాశాలలో ఆంగ్ల సాహిత్యం చెప్పడానికి 1924లో జపాను వచ్చిన ఈ యువకుడు, విద్యార్థులకు సాహిత్యం కంటే ముందు భాష కావాలని కనిపెట్టి పామర్ బాటలోకి వచ్చాడు. 1936లో పామర్ ఇంగ్లండుకు వెళ్లిపోయాక సంస్థ పరిశోధన బాధ్యతను తానే మోశాడు. మాట అర్థంతో సరిపెట్టకుండా, ఏ క్రియ వెనక ఎలాంటి నిర్మాణం వస్తుందో, ఏ నామం ఏ ఉపపదాన్ని కోరుతుందో చూపే నిఘంటువును ఇద్దరు సహచరులతో కలిసి కూర్చాడు. 1941 డిసెంబరులో యుద్ధం రావడంతో శత్రుదేశీయుడిగా నిర్బంధంలోకి వెళ్లి, 1942లో స్వదేశానికి చేరాడు. అదే ఏడాది నిఘంటువు టోక్యోలోని కైతకుషా ప్రచురణగా వెలువడింది. ఇంగ్లండుతో పోరాడుతున్న దేశపు రాజధానిలో, ఇంగ్లీషు నేర్చుకునేవారి కోసం, ఒక ఇంగ్లీషువాడి నిఘంటువు అచ్చయింది. 1948లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయం ఆ పుటలనే ఛాయాచిత్రాలుగా తీసి మళ్లీ ముద్రించింది. తెలుగునాట కాలేజీ విద్యార్థుల చేతుల్లో తరతరాలుగా నలుగుతున్న ఆక్స్‌ఫర్డు ‘అడ్వాన్స్‌డ్ లర్నర్స్’ నిఘంటువు పుట్టుక ఇదే.

టోక్యో ఖ్యాతినంతా పరదేశీయులకే కట్టబెట్టడం న్యాయం కాదు. వాసెదా విశ్వవిద్యాలయ ఆచార్యుడు కత్సుమాతా సెన్‌కిచిరో, ఆంగ్లంలో ఏ మాటకు ఏ మాట తోడుగా వస్తుందో తన పఠనంలో ఎదురైన చోటల్లా నమోదు చేసుకుంటూ, 1939లో ఒక పెద్ద పదసాహచర్య నిఘంటువును కెన్‌క్యూషా ద్వారా ప్రచురించాడు. 1958లో దాని విస్తృత కూర్పు వచ్చింది. ఇంగ్లండులో ఆ స్థాయి గ్రంథం రావడానికి ఇంకా దశాబ్దాలు పట్టింది. ఇటు ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలను నడిపిన మైకేల్ వెస్ట్, బెంగాలీ పిల్లల కోసం పరిమిత పదజాలంతో వాచకాలు రాస్తూ, 1935లో 1,490 మాటలతోనే అన్ని అర్థాలూ వివరించే నిఘంటువును సహరచయితగా తెచ్చాడు. మాటలను ఏరడంలో వెస్ట్ దిట్ట. వాటి పొత్తుల మీద చూపు మాత్రం పామర్‌దే నిశితమైనది.

ఈ పరిశీలనకు సిద్ధాంత స్థాయిని కల్పించినవాడు జె. ఆర్. ఫర్త్. యార్క్‌షైరులో 1890లో పుట్టిన ఆయన భారత విద్యాసర్వీసులో చేరి, 1920ల కాలంలో లాహోరులోని పంజాబు విశ్వవిద్యాలయంలో ఆంగ్లాచార్యుడిగా పనిచేశాడు. ఇంగ్లండుకు తిరిగివెళ్లాక కూడా భారతీయ భాషలతో సంబంధం తెంచుకోలేదు. 1937లో లెవర్‌హ్యూమ్ పరిశోధక వేతనంతో మళ్లీ ఈ దేశానికి వచ్చి గుజరాతీనీ తెలుగునూ పరిశీలించాడు. 1944లో లండను ప్రాచ్యవిద్యాలయంలో సాధారణ భాషాశాస్త్ర ఆచార్యపీఠం ఏర్పడినప్పుడు, బ్రిటనులోనే మొట్టమొదటిదైన ఆ పీఠాన్ని ఆయన అధిష్ఠించాడు. ధ్వనుల విషయంలో ఆయన సిద్ధాంతం వేరే కథ. ఇక్కడ కావలసింది అర్థం గురించి ఆయన చెప్పింది.

మాటకు అర్థం మనసులో ఉన్న ఒక భావమనీ, మాట ఆ భావానికి పేరనీ అనుకోవడం పాత అలవాటు. ఫర్త్ దాన్ని తోసిపుచ్చి, మాట అర్థంలో కనీసం ఒక పొర అది ఎలాంటి మాటలతో పొత్తు పెట్టుకుంటుందో దాని వల్లనే ఏర్పడుతుందని 1951లో ఒక వ్యాసంలో వాదించాడు. రాత్రిని సూచించే ‘నైట్’కు ఉన్న అర్థాల్లో ఒకటి ‘డార్క్’తో అది చేరగలగడమేనని, ‘డార్క్’కూ అదే వర్తిస్తుందని ఆయన చూపిన ఉదాహరణ ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో ఉంది. అదే వ్యాసంలో ఎడ్వర్డ్ లియర్ హాస్యపద్యాలను తీసుకుని, అందులో వచ్చే మనుషుల వెంట వయసును తెలిపే విశేషణాలు ఎలా పదేపదే నడుస్తాయో లెక్కచూశాడు. పండితులు చిన్నచూపు చూసే పిల్లల పద్యాల్లో అర్థసిద్ధాంతానికి సాక్ష్యం వెతకడంలో ఫర్త్ కొంటెతనం లేకపోలేదు. 1957 నాటి మరొక రచనలో ఆవుకు ఆంగ్లంలో పాలతో, పితకడంతో ఉన్న పొత్తు ఆడసింహానికి లేదని చెబుతూ, లోకంలో ఉన్న నిజమూ భాషలో ఉన్న అలవాటూ ఒకటి కావని గుర్తుచేశాడు. ఆడసింహం కూడా పాలిచ్చేదే, అయినా ఆ మాటల మధ్య వాడుక కుదరలేదు.

లాహోరు తరగతి గది ఫర్త్‌కు ఇదంతా నేర్పిందని నిరూపించే పత్రం ఏదీ చూపలేం. కాని ఆంగ్ల కవిత్వాన్ని బాగా చదివి, ఆంగ్ల వ్యాకరణాన్ని తప్పు లేకుండా రాసి, అయినా ఆంగ్లేయుడు ఎన్నడూ కలపని రెండు మాటలను కలిపే విద్యార్థులు ఎదురుగా కూర్చున్న గదిలో ఏళ్లు గడిపిన మనిషికి, వ్యాకరణమూ అర్థమూ కాక మూడవది ఏదో భాషలో ఉందన్న ఊహ కలగడం సహజం. ఫర్త్ సూత్రంలోని బలహీనత అది కొలతకు లొంగకపోవడం. ఎంత దగ్గర ఉంటే పొత్తు, ఎన్నిసార్లు వస్తే అలవాటు అన్న ప్రశ్నలకు ఆయన దగ్గర జవాబు లేదు. 1960లో ఆయన మరణించాక ఆ పనిని శిష్యుడు హాలిడే, ఎడిన్‌బరోలో హాలిడేతో కలిసి పనిచేసిన జాన్ సింక్లేర్ అందుకున్నారు. ఈ వ్యాసం మొదట్లో పేర్కొన్న టీ, కారు, వాదన ఉదాహరణ హాలిడే 1966లో ఇచ్చినదే.

సింక్లేర్ బర్మింగ్‌హాం విశ్వవిద్యాలయంలో ప్రభుత్వ నిధులతో చేసిన పరిశోధన నివేదిక 1970లో తయారైంది. సహజంగా జరిగిన సంభాషణలను రాతలోకి మార్చి, 1,35,000 మాటల సంచయంగా కంప్యూటరుకు ఎక్కించి, ఒక మాట ప్రభావం దానికి ఎడమ పక్క నాలుగు మాటలూ కుడి పక్క నాలుగు మాటల మేర వరకు గట్టిగా ఉంటుందని అందులో తేల్చారు. ఇలా కంప్యూటరులో చేర్చిన నిజప్రయోగాల రాశిని ‘కార్పస్’ అంటారు. ఈనాటి లెక్కలో ఆ రాశి ఒక పెద్ద నవల పరిమాణం కూడా దాటదు. నివేదిక నకళ్లుగా చేతులు మారుతూ మూడు దశాబ్దాలకు పైగా గడిపి, 2004లో గాని పుస్తకంగా అచ్చుకాలేదు.

దాని ఫలితం మాత్రం అంతకాలం ఆగలేదు. 1980లో కాలిన్స్ ప్రచురణసంస్థతో కలిసి సింక్లేర్ మొదలుపెట్టిన కోబిల్డ్ పథకం, 73 లక్షల మాటల ప్రధాన సంచయాన్ని ఆధారం చేసుకుని 1987లో ఒక నిఘంటువును తెచ్చింది. సంపాదకుడి ముందు పరిచిన కాగితం మీద వెతికే మాట మధ్య గీతలో నిలువుగా ఒకదాని కింద ఒకటి పేరుకుని ఉంటుంది. దాని రెండు పక్కలా వాక్యాల తునకలు ఉంటాయి. అడ్డంగా చదివితే వాక్యాలు, నిలువుగా చదివితే అలవాట్లు. అలా నిలువుగా చదివినప్పుడే ‘సెట్ ఇన్’ గుట్టు బయటపడింది. దానికి కర్తగా వచ్చే మాటలు కుళ్లు, క్షయం, నిరాశ, అంటువ్యాధి వంటివే. సుఖం గాని సంతోషం గాని సాధారణంగా ‘సెట్ ఇన్’ కావు. జాన్సన్ అంతటివాడు, ఆంగ్లం తన సొంతభాష అయి, ఆ మాటను ప్రత్యేకంగా ఎత్తి చూపి కూడా, దాని వెంట నడిచే ఈ అమంగళ ఛాయను చెప్పలేదు. ఆయనకు తెలియదని కాదు. ఆయన తప్పుగా వాడి ఉండడు కూడా. తెలిసినదాన్ని తెలిసినట్టు గుర్తించడానికి నిలువు గీత కావలసివచ్చింది.

ఆ తరవాత లెక్కలు గణితంలోకి వెళ్లాయి. కోబిల్డ్‌లో సంపాదకుడిగా ఉన్న పాట్రిక్ హాంక్స్, అమెరికాలో కంప్యూటరు శాస్త్రజ్ఞుడు కెనెత్ చర్చ్ కలిసి 1990లో ప్రచురించిన పత్రం, పొత్తు బలాన్ని కొలవడానికి సమాచార సిద్ధాంతం నుంచి ఒక సూత్రాన్ని అరువు తెచ్చింది. పది లక్షల మాటల సంచయంలో ఒక మాట 1,000 సార్లు, మరొక మాట 100 సార్లు వచ్చాయనుకుంటే, కేవలం యాదృచ్ఛికంగా అవి పక్కపక్కన పడే అవకాశం ఒక్కసారి కూడా లేదు, పదో వంతు మాత్రమే. నిజంగా అవి 30 సార్లు పక్కపక్కన కనిపిస్తే, ఆ పొత్తు అనుకున్నదానికి 300 రెట్లు బలమైనదన్నమాట. ఈ కొలతకు అరుదైన మాటల మీద అతిగా మోజు ఉంది, అందుకే నిఘంటుకారులు దాన్ని ఒంటరిగా నమ్మరు. 10 కోట్ల మాటల బ్రిటిష్ జాతీయ సంచయం 1990లలో పూర్తయ్యాక, దాని ఆధారంగా 2002లో ఆక్స్‌ఫర్డు పదసాహచర్య నిఘంటువు వచ్చింది. కత్సుమాతా చేత్తో మొదలుపెట్టిన పనికి అది ఆలస్యంగా అందిన ఆంగ్లేయ వారసురాలు. ఇప్పటి భాషాయంత్రాలు కూడా మాటను దాని చుట్టూ ఉన్న మాటల ద్వారానే గుర్తిస్తాయి కాబట్టి, వాటిని తయారుచేసేవారి పత్రాల్లో ఫర్త్ పేరు తరచు కనిపిస్తుంది.

భారతదేశంలో ఆంగ్లం తన పొత్తులను తానే కట్టుకుంటూ వచ్చింది, కొన్నిటిని ఇంగ్లండు వదిలేసినా వదలలేదు. అర్జీ చివర ‘డూ ది నీడ్‌ఫుల్’ అని రాయడాన్ని గుమస్తాల వింత ఇంగ్లీషుగా ఎగతాళి చేసేవారు, ఆ ప్రయోగం 19వ శతాబ్దపు ఇంగ్లండులోనే మామూలు వాడుక అని మరచిపోతారు. కచేరీ ఫైళ్లలో పాస్‌పోర్టులోని ‘లెట్’ మాదిరిగానే అది నిలవ ఉండిపోయింది. 1978లో భారతీయులు అచ్చువేసిన ఆంగ్ల రచనల నుంచి 10 లక్షల మాటల సంచయాన్ని కొల్హాపురంలోని శివాజీ విశ్వవిద్యాలయంలో ఎస్. వి. శాస్త్రి తయారుచేసి 1986లో అందుబాటులోకి తెచ్చాక, భారతీయాంగ్లంలో ఏ పొత్తు నిజంగా వాడుకలో ఉందో, ఏది వ్యాకరణ పంతుళ్ల చేత తిట్లు తినడానికే పుట్టిందో చూసి చెప్పే వీలు కలిగింది.

తెలుగులోకి ఆంగ్ల పొత్తులు దిగిన దారి పత్రికలది. 1908లో బొంబాయిలో వారపత్రికగా పుట్టి 1914లో మద్రాసులో దినపత్రిక అయిన ఆంధ్రపత్రిక నాటి నుంచి, దూరదేశాల వార్త తంతి మీద ఆంగ్లంలో వచ్చేది, ఉపసంపాదకుడు దాన్ని గంటల వ్యవధిలో తెలుగు చేసేవాడు. మాటలు మారినా పొత్తులు అలాగే దిగిపోయాయి: చర్యలు తీసుకోవడం, వెలుగులోకి రావడం, చోటు చేసుకోవడం ఈ బాపతువే. నిశ్చయించడం, తీర్మానించడం అన్న క్రియలు నిక్షేపంలా ఉన్న భాషలో ‘నిర్ణయం తీసుకోవడం’ స్థిరపడింది. ఈ చివరిదానిలో ఒక చిన్న ఆనవాలు ఉంది. అమెరికావారు నిర్ణయాన్ని సాధారణంగా ‘మేక్’ చేస్తారు. దాన్ని ‘టేక్’ చేయడం బ్రిటిషువారికి ఎక్కువగా అలవాటు. తెలుగు నిర్ణయాన్ని తీసుకుంటోంది, హిందీ కూడా అదే చేస్తోంది. ఇంటర్నెట్టు నిండా అమెరికా ఆంగ్లం పరుచుకున్న ఈ రోజుల్లోనూ తెలుగు వార్తలో మంత్రివర్గం నిర్ణయాన్ని తీసుకుంటూనే ఉంది.